నల్ల జీలకర్ర నూనె సీసాలపై తెలుగులో హెచ్చరిక ఉండాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

నేను నిజామాబాద్‌లో మందుల షాపు నడుపుతున్న ఫార్మసిస్టును. ఈమధ్య కౌంటర్ దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఫోన్లో ఒక వీడియో చూపించి ‘ఈ నూనె ఉందా?’ అని అడుగుతున్నారు. నల్ల జీలకర్ర నూనె, మా వైపు కలోంజీ తేల్ అంటారు. ఆ వీడియోలో ఒకాయన షుగర్, బీపీ, థైరాయిడ్, మోకాళ్ల నొప్పులు అన్నిటికీ ఇదొక్కటే మందని, ఇక మాత్రలతో పనే లేదని ధీమాగా చెబుతుంటాడు. నా బాధంతా ఆ చివరి మాట గురించే.

నూనెను నేను తప్పుపట్టడం లేదు. యునాని వైద్యంలో దానికి ఎప్పటినుంచో చోటుంది. మరణానికి తప్ప ప్రతి జబ్బుకూ ఈ గింజలో మందుందన్న హదీసు (ప్రవక్త బోధ) మాట మీద గౌరవంతో పొద్దున్నే తేనెలో కలిపి చెంచాడు తాగే కుటుంబాలు మా ఊళ్లో ఎన్నో ఉన్నాయి. హైదరాబాదీ టమాటా కట్‌లో, నాన్ రొట్టెల మీద కనిపించే నల్ల గింజలూ ఇవే. వంటలో వేసుకునే పాళ్లలో దీనివల్ల ఎవరికీ ఇబ్బంది లేదు.

గుణం కూడా ఉత్త ప్రచారం కాదు. సౌదీ అరేబియాలో 94 మంది టైప్-2 షుగర్ రోగులకు ఈ గింజలను రోజుకు 1, 2, 3 గ్రాముల చొప్పున ఇచ్చి చూసిన అధ్యయనం 2010లో వెలువడింది. రోజుకు 2 గ్రాములు తీసుకున్నవాళ్లలో పరగడుపు షుగర్, మూడు నెలల సగటు షుగర్ రెండూ తగ్గాయి. అయితే అక్కడ గింజలు ఇచ్చింది వాళ్లు అప్పటికే వేసుకుంటున్న మాత్రలకు తోడుగానే. మాత్రలకు బదులుగా కాదు. వీడియోల్లో అధ్యయనాల పేరెత్తేవాళ్లు ఈ ఒక్క ముక్కా మింగేస్తారు.

షుగర్‌ను ఎంతోకొంత తగ్గిస్తుంది కాబట్టే జాగ్రత్త కావాలి. మా షాపుకు ఎప్పటినుంచో వచ్చే ఒకమ్మ మొన్న చీటీ చేతికిస్తూనే చెమటలు పట్టి కౌంటర్ పట్టుకుని నిలబడిపోయింది. చేతులు వణుకుతున్నాయి. కూర్చోబెట్టి చూస్తే షుగర్ బాగా పడిపోయింది. గ్లూకోజు నీళ్లు తాగాక తేరుకుంది. షుగర్ తగ్గించే గ్లిమిపిరైడ్ మాత్రతో పాటు ఈ నూనె కూడా రెండు పూటలా తాగుతోందట. ఆ రోజు టిఫిన్ కూడా సరిగ్గా తినలేదు కాబట్టి నేరమంతా నూనెదే అనలేను. ‘డాక్టర్‌కు చెప్పావా అమ్మా?’ అంటే, ‘నూనేగదా సారూ, మందు కాదుగదా, ఏం చెప్పాలె’ అంది.

ఈ మాట నేను రోజూ వింటాను. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకు దీనివల్ల బీపీ మరీ తగ్గవచ్చు. గుండె జబ్బుకు రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లలో రక్తస్రావం ముప్పు పెరగవచ్చు. ఆపరేషన్ ఉన్నవాళ్లు రెండు వారాల ముందే మానేయాలని చెబుతారు. గర్భిణులు మందు మోతాదులో తాగకూడదు. చర్మానికి రాస్తే కొందరికి దద్దుర్లు, బొబ్బలు వస్తాయి. ఇక షుగర్ మాత్రలు, ఇన్సులిన్ మానేసి నూనెనే నమ్ముకుంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

సీసా తిప్పి చూస్తే ఇవేవీ ఉండవు. గింజలో పనిచేసే ముఖ్య పదార్థం థైమోక్వినోన్. అది ఒక్కో కంపెనీ నూనెలో ఒక్కోలా ఉంటుంది, ఎంతుందో రాసేవాళ్లు తక్కువ. మరి చెంచా లెక్క ఏ నూనెకని చెప్పాలి? ఆహార సప్లిమెంటుగా అమ్మేవాటిపై ‘ఔషధంగా వాడటానికి కాదు’ అని ముద్రించాలని 2016 నాటి ఆహార భద్రత నిబంధనలే చెబుతున్నాయి. ఆ మాట ఇంగ్లిష్‌లో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. మందులు మానేయమన్న మాట మాత్రం తెలుగులో, గట్టిగా, ఫోన్లో వినిపిస్తుంది.

షుగర్, క్యాన్సర్ లాంటి జబ్బులను నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వకూడదని 1954 చట్టమే ఉంది. మొదటిసారి నేరం రుజువైతే ఆరు నెలల వరకు జైలు. డ్రగ్స్ కంట్రోల్ అధికారులు ఈ చట్టం కింద షాపుల్లో సరుకు పట్టుకుంటున్న వార్తలు మీ పత్రికలోనే చదువుతున్నాం. సంతోషమే. కానీ ఇప్పుడు అమ్మకం ఎక్కువగా ఫోన్లో జరుగుతోంది. ఆ వీడియోలు పెట్టేవాళ్ల మీద, వాటి కింద ఆర్డర్లు తీసుకునేవాళ్ల మీద కూడా కేసులు పెట్టాలి.

యునాని మందుగా అమ్మినా, సప్లిమెంటుగా అమ్మినా, మన రాష్ట్రంలో అమ్మే ప్రతి సీసా మీద తెలుగులో, ఉర్దూలో పెద్ద అక్షరాలతో రెండు వాక్యాలు ఉండాలి: ‘మీరు వాడే మందులు మానకండి. షుగర్, బీపీ, రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందు డాక్టర్‌కు చెప్పండి.’ ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి బీపీ, షుగర్ చూసేటప్పుడు ‘నూనెలు, చూర్ణాలు ఏమైనా వాడుతున్నారా?’ అని కూడా అడిగితే సగం సంగతులు బయటపడతాయి. అలాగే షుగర్ పూర్తిగా నయమవుతుందని చెప్పే నూనెల ప్రకటనలు జిల్లా పేజీల్లో వేసుకోవద్దని మీ పత్రికను కూడా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు, నిజామాబాద్