థెరపీ కుక్కల శిక్షణలో వచ్చే నెల నుంచి మారుతున్న విషయాలు, వాటి కారణాలు

మా కేంద్రంలో కుక్కలకు శిక్షణ ఇప్పిస్తున్న వారందరికీ నమస్కారం.

థెరపీ కుక్కల శిక్షణకు ఇంతవరకు ఉన్న మూడు నెలల కోర్సును, దానికి ముందుగా ఒకే మొత్తంగా తీసుకునే రుసుమును వచ్చే నెల నుంచి తీసివేస్తున్నాము. ఇకపై హాజరైన తరగతికి మాత్రమే 900 రూపాయల చొప్పున తీసుకుంటాము. ఏ కుక్క ఎప్పటికి సిద్ధమవుతుందో ముందుగా తేదీ చెప్పము. దీనివల్ల కొందరికి ఖర్చు తగ్గుతుంది, కొందరికి పెరుగుతుంది. గడువు తెలియకుండా డబ్బు ఎలా కట్టాలని మీలో కొందరు అడిగారు. హైదరాబాదులోనే మరొకచోట ఆరు వారాల్లో పూర్తిచేసి పంపుతామంటున్నారని ఇంకొందరు చెప్పారు. అడగవలసిన ప్రశ్నే కనుక వివరంగా జవాబిస్తున్నాము.

థెరపీ కుక్క తన యజమానితో కలిసి వృద్ధాశ్రమాలకు, ఆసుపత్రులకు, ప్రత్యేక అవసరాలున్న పిల్లల పాఠశాలలకు వెళ్ళి, అక్కడివారు తనను తాకడానికి, నిమరడానికి, తన పక్కన కూర్చోవడానికి ఒప్పుకోవాలి. చూపులేనివారికి దారి చూపే కుక్క ఒక్క మనిషికి అలవాటుపడితే చాలు, దీనికి మాత్రం ప్రతిసారీ కొత్త చేతులే. అమెరికాలో పిల్లల మనస్తత్వ నిపుణుడు బోరిస్ లెవిన్సన్, తనతో మాట్లాడని పిల్లలు తన కుక్క జింగిల్స్ దగ్గర ఉంటే చనువుగా మెలగడాన్ని గమనించి 1960ల తొలినాళ్ళలో ఆ సంగతి తోటి నిపుణుల ముందుంచారు. ఆ పిల్లలను దగ్గర చేసింది, కుక్క తనంతట తాను ఇష్టపడి వారి దగ్గరికి వెళ్ళడమే. భయంతో కదలకుండా కూర్చున్న కుక్క వల్ల అలాంటి మేలు జరగదు.

గొలుసు లాగి, అరిచి, కొట్టి కూడా కుక్కను కదలకుండా కూర్చోబెట్టవచ్చు, త్వరగానే కూర్చోబెట్టవచ్చు. చిక్కంతా అక్కడే ఉంది. గుర్రుమనడం కుక్క ఇచ్చే హెచ్చరిక. గుర్రుమన్న ప్రతిసారీ శిక్షిస్తే అది గుర్రుమనడం మానుతుంది గానీ, లోపలి భయం అలాగే ఉంటుంది. చేతులు వణికే పెద్దాయన ఒకరు పట్టు తప్పకుండా ఉండడానికి దాని చెవిని గట్టిగా పట్టుకున్నారనుకోండి, హెచ్చరించడం మరిచిన ఆ కుక్కకు మిగిలిన దారి కరవడమే. పిల్లల వార్డులో ఇంతకంటే పెద్ద ప్రమాదం మాకు తోచదు. మేము లాగితే మెడకు బిగుసుకునే చోక్ చైను, ముళ్ళ పట్టీ, కరెంటు షాక్ ఇచ్చే కాలరు వాడకపోవడానికి కుక్కల మీది ప్రేమ ఎంత కారణమో, ఎదుటి మనుషుల భద్రత కూడా అంతే కారణం.

తోడేళ్ళ గుంపులో ఒకటి నాయకుడై మిగతావాటిని అణచి ఏలుతుందని, ఇంట్లో కుక్కకూ అలాగే యజమాని ఎవరో తెలియజెప్పాలని చాలామంది పెద్దలు మాతో అంటుంటారు. ఆ భావన 1947లో జంతు ప్రవర్తన పరిశోధకుడు రుడాల్ఫ్ షెంకెల్ బంధించి ఉంచిన తోడేళ్ళను చూసి రాసిన వ్యాసం నుంచి మొదలైంది. దానికి ప్రచారం తెచ్చినవారిలో ఒకరైన తోడేళ్ళ పరిశోధకుడు డేవిడ్ మీచ్ స్వయంగా, అడవిలో తోడేళ్ళ గుంపు అంటే సాధారణంగా తల్లిదండ్రులు, వాటి పిల్లలు ఉండే కుటుంబమని 1999లో స్పష్టం చేశారు.

పోర్చుగల్‌లో 92 పెంపుడు కుక్కల మీద జరిపి 2020లో ప్రచురించిన పరిశోధన మాకు మరింత ఉపయోగపడింది. శిక్షలు ఎక్కువగా వాడే చోట నేర్చుకున్న కుక్కలు తరగతుల్లో ఎక్కువగా పెదవులు నాకాయి, ఆవలించాయి; ఇవి కుక్కలో ఒత్తిడికి గుర్తులు. తరగతి తరువాత వాటి లాలాజలంలో ఒత్తిడిని సూచించే కార్టిసాల్ ఎక్కువగా పెరిగింది. తిండి ఉందో లేదో తెలియని గిన్నెను కొత్తచోట పెట్టినప్పుడు, అవి దాని దగ్గరికి వెళ్ళడానికి ఎక్కువ సమయం తీసుకున్నాయి. అంటే తెలియని వస్తువు నుంచి మంచి జరుగుతుందన్న ఆశ వాటిలో తక్కువ. థెరపీ కుక్కకు రోజూ ఎదురయ్యేవన్నీ తెలియని మనుషులు, తెలియని వస్తువులే కదా. పశువైద్యుల్లో జంతు ప్రవర్తనను అధ్యయనం చేసేవారి అమెరికా సంఘం 2021లో, అన్ని కుక్కలకూ బహుమతి ఆధారంగానే శిక్షణ ఇవ్వాలని సూచించింది.

మా తరగతిలో జరిగేది ఇది. కుక్క మనకు కావలసిన పని చేసిన క్షణంలోనే క్లిక్కర్, అంటే టిక్కుమని చప్పుడు చేసే చిన్న పరికరం నొక్కి, వెంటనే ఉడికించిన చికెన్ ముక్కో, పనీర్ ముక్కో ఇస్తాము. ముక్కను ముందే చూపించి పని చేయించము, అలా చేస్తే చేతిలో ముక్క లేనినాడు కుక్క మాట వినదు. వీల్‌చెయిర్‌ను మొదట దూరంగా, కదలకుండా ఉంచుతాము. కుక్క తానై వాసన చూసి వచ్చాకే దానిని మెల్లగా కదిలిస్తాము, తరువాత అందులో మనిషిని కూర్చోబెడతాము. నేల మీద పడిన మాత్రను ముట్టకుండా ముఖం తిప్పుకోవడం ప్రత్యేకంగా నేర్పుతాము, ఎందుకంటే మనుషులు నొప్పులకు వేసుకునే ఐబుప్రోఫెన్ వంటి మందులు కుక్కకు విషం.

వీటన్నిటిలో మేము ఎక్కువ సమయం పెట్టేది గడ్డం ఆనించడం మీద. చాచిన అరచేతిలో కుక్క తన గడ్డం ఆనిస్తే తాకవచ్చని అర్థం, తీసేస్తే ఆ క్షణమే చేయి వెనక్కి తీసుకోవాలి. వద్దని చెబితే మనిషి ఆగుతాడని తెలిసిన కుక్క, మరుసటిసారి మరింత ధైర్యంగా గడ్డం ఆనిస్తుంది. ఈ నమ్మకం ఒక కుక్కకు వారంలో కుదురుతుంది, మరొకదానికి నెలలు పడుతుంది. దీపావళి టపాసులకు బెదిరిన కుక్కతో చప్పుళ్ళ పాఠం మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టవలసి రావచ్చు. ముందుగా తేదీ చెబితే, ఆ తేదీ కోసం కుక్కను తొందరపెట్టక తప్పదు. ఆ పని మేము చేయము.

కొన్ని కుక్కలకు ఈ పని నచ్చదు. ఇంట్లోవారిని ప్రాణంగా చూసుకుంటూ, కొత్తవారంటే తప్పుకొనే కుక్కలో లోపమేమీ లేదు. అలాంటప్పుడు ఆ మాట మీకు నేరుగా చెప్పి, తరగతులు ఆపేస్తాము. జాతి మాకు ముఖ్యం కాదు. లాబ్రడార్‌ను తెచ్చినా, వీధి నుంచి తెచ్చుకున్న దేశీ కుక్కను తెచ్చినా పరీక్ష ఒక్కటే. రేబిస్ టీకా, మిగతా టీకాలు, నులిపురుగుల మందు వేయించిన చీటీ మాత్రం తప్పనిసరి.

కుక్కను మా దగ్గర వదిలి వెళ్ళే పద్ధతిని థెరపీ శిక్షణకు ఇకపై అంగీకరించము, ఎందుకంటే రేపు ఆసుపత్రిలో దాని ముఖం చూసి అలసటను గుర్తించవలసింది మీరు. వేసవిలో తరగతులు ఉదయం ఏడున్నరలోపే ముగుస్తాయి, ఆ తరువాత ఎండ పెరిగేకొద్దీ తారు రోడ్డు వాటి పాదాలను కాలుస్తుంది. చివర మేమిచ్చే పత్రం మా పరీక్షలో నెగ్గినట్టు తెలిపేది మాత్రమే. అది ప్రభుత్వ అనుమతి కాదు, దానితో ఏ సంస్థలోనూ ప్రవేశం హక్కుగా రాదు.

ఇప్పటికే మూడు నెలల రుసుము కట్టినవారికి పాత ఒప్పందమే వర్తిస్తుంది. గడువు తీరాక కుక్కకు ఇంకా సాధన కావలసి వస్తే, ఆ తరగతులకు అదనంగా ఏమీ తీసుకోము. కొత్త పద్ధతి వద్దనుకునేవారు ఈ నెలాఖరులోగా చెబితే, మిగిలిన తరగతుల డబ్బు వారంలోగా తిరిగి ఇస్తాము.