"సొంత కారణాలతో మానుకుంటున్నా" అని సంతకం పెట్టమాకండి

ఎడిటర్ గారికి,

అమెరికా వాళ్లు సుంకాలు వేసినప్పటి నించీ మా ఒంగోలు, నెల్లూరు పక్క రొయ్యల రైతుల కష్టాలు పేపర్లలో బాగానే వస్తున్నాయి, మంచిదే, కానీ ఆ రొయ్యలకి తలకాయలు తీసి గ్రేడింగ్ చేసే ప్లాంట్లలో ఆడోళ్ల సంగతి పెద్దగా ఎవరూ రాయట్లేదండి.

మా వదిన ఒక ప్లాంట్లో 8 ఏళ్లు చేసింది. మొన్నామధ్య షిఫ్ట్ అయ్యాక హెచ్ఆర్ అబ్బాయి పిలిచి ఆర్డర్లు లేవమ్మా రేపటి నించి రావద్దు, ఇదిగో 25 వేలు, ఇక్కడ సంతకం పెట్టు అన్నాడంట. కాగితంలో ఏముందయ్యా అంటే "నా సొంత కారణాల వల్ల ఉద్యోగం మానుకుంటున్నాను" అని, తేదీ కూడా వెయ్యలా. ఇంటికి తీసుకెళ్లి చదివించుకుంటానంటే ఇవ్వలేదు, దాంతో అనుమానమొచ్చి పెట్టకుండా వచ్చేసింది. మిగతావాళ్లు పెట్టేశారు పాపం.

కిటుకంతా ఆ కాగితంలోనే ఉంది. పని లేదని కంపెనీ తీసేస్తే అది రిట్రెంచ్‌మెంట్, ఏడాది సర్వీసున్న వర్కర్‌కి కారణం రాసి నెల ముందు నోటీసు ఇవ్వాల, లేదంటే నెల జీతం ఇవ్వాల, దానిపైన ఏడాదికి 15 రోజుల జీతం పరిహారం. 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉన్నదే ఇది, 2025 నవంబర్ 21 నించి దాని బదులు అమల్లోకొచ్చిన కొత్త లేబర్ కోడ్‌లో కూడా ఉంది, పైగా రీస్కిల్లింగ్ ఫండ్ (తీసేసినోళ్లు వేరే పని నేర్చుకోడానికి పెట్టిన నిధి) కింద ఇంకో 15 రోజుల జీతం 45 రోజుల్లో అకౌంట్లో పడాల. మనమే మానేశామని రాసిస్తే ఇవేవీ రావు, 5 ఏళ్లు దాటినోళ్లకి గ్రాట్యుటీ ఒక్కటే మిగులుద్ది.

జీతం 15 వేలనుకోండి, 8 ఏళ్లకి నోటీసు జీతం 15 వేలు, పరిహారం దగ్గర దగ్గర 60 వేలు, గ్రాట్యుటీ 69 వేల పైచిలుకు, లక్షా నలభై వేలు దాటిపోతోంది. చేతిలో పెట్టేది 25 వేలు!

ఇంకోటి, మాది 300 మంది లోపు కంపెనీ, మాకు రూల్ లేదంటారు యాజమాన్యాలు. వాళ్లకి అక్కర్లేనిది తీసేసే ముందు గవర్నమెంటు పర్మిషన్, ఆ లెక్క 100 నించి 300కి పెంచారు కాబట్టి, అంతేగానీ నోటీసూ పరిహారమూ కాదు. ఆఖర్న చేరినోళ్లని ముందు తియ్యాలనే రూల్ కూడా ఉంది, కానీ ఇక్కడ జీతం ఎక్కువని పాతోళ్లనే ముందు పంపించేశారు. మేస్త్రి కింద చేసేవాళ్లయితే ఆధారమేదని అడుగుతారు, పీఎఫ్ పాస్‌బుక్కు, ఈఎస్ఐ కార్డు, బ్యాంకులో జీతం పడ్డ స్టేట్‌మెంటు అన్నీ దాచుకోండి.

లేబర్ ఆఫీసు వాళ్లు కూడా కంప్లైంట్ వచ్చేదాకా కూర్చోకుండా షిఫ్ట్ వదిలే టైముకి ఒకసారి ప్లాంట్ల గేట్ల దగ్గరికి రావాల, ఈ రూల్స్ తెలుగులో బోర్డు మీద రాయించి పెట్టించాల, సంతకాలు పెట్టించుకున్న ఆ రాజీనామాలు కూడా బయటికి తీయించి చూడాల.

ఒక పాఠకుడు,
టంగుటూరు, ప్రకాశం జిల్లా