చాక్లెట్ ఇస్తారా అని అడిగిన పిల్లాడి గురించి

పర్లాకిమిడి (ఒడిశా),
ఆదివారం.

చిన్నమ్మలూ,

రాత్రి ఫోన్లో నీ గొంతు విన్నాక నిద్ర పట్టలేదే. నీ తరగతిలో పిల్లాడు ఎక్కం చెప్పమంటే "చాక్లెట్ ఇస్తారా?" అన్నాడా! టెన్షన్ పడకు. టీచర్‌గా కొత్తలో నేనూ అలాగే టెన్షన్ పడ్డాను.

1973లో అమెరికాలో లెప్పర్ అనే ఆయన, ఇంకో ఇద్దరు కలిసి, బొమ్మలు వేయడం ఇష్టమైన చిన్నపిల్లల్ని పరిశీలించారు. బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే ఆశపెట్టిన పిల్లలు, తర్వాత తీరిక వేళల్లో బొమ్మలు వేయడం తగ్గించేశారు. ముందు చెప్పకుండా ఇచ్చిన పిల్లల్లో ఇష్టం తగ్గలేదు. అందుకే ఎక్కాలంటే సరదాపడే పిల్లకి చాక్లెట్ చూపించకు. అక్షరమంటేనే పారిపోయేవాడికి మాత్రం మొదట్లో ఏదో ఒకటి చేతిలో పెట్టి కూర్చోబెట్టు, తప్పులేదు. అలవాటయ్యాక రోజు విడిచి రోజు, ఆపైన ఎప్పుడో ఒకసారి ఇవ్వు. ఈలోగా నీ మెచ్చుకోలు రుచి వాడికి తెలియాలి.

ఆ మెచ్చుకోలు కూడా "గుడ్, గుడ్" అని అందరికీ ఒకేలా పంచేస్తే పనిచేయదు. నా రెండో తరగతిలో ఒక సవర గిరిజన పిల్లాడుండేవాడు. వాడి ఒడియా అక్షరాలు ఒక్కటీ గీత మీద నిలిచేది కాదు. తప్పులకి ఎర్ర సున్నాలు చుట్టి చుట్టి నేనే విసిగిపోయాను. ఒకరోజు తప్పుల జోలికి పోకుండా, వరసలో చక్కగా కుదిరిన ఒకే ఒక్క 'క' చుట్టూ ఆకుపచ్చ పెన్నుతో సున్నా చుట్టి, "ఈ గుండ్రం భలే తిప్పావురా" అన్నాను. దానిమీద వేలు పెట్టి చాలాసేపు చూసుకున్నాడు. మర్నాడు నోటుబుక్కు తెచ్చాడు. కొత్త వరసలో ఒక అక్షరం చుట్టూ వాడే పెన్సిల్‌తో సున్నా చుట్టుకొచ్చాడు!

అందరి ముందూ చప్పట్లు కొట్టిస్తే ముడుచుకుపోయే పిల్లలూ ఉంటారు. తెలియక ఒక పిల్లకి అలా కొట్టిస్తే మూడు రోజులు బడికి రాలేదు. ఇప్పటికీ గుర్తొస్తే బాధే. అలాంటి పిల్ల పక్కన వంగి, దానికి మాత్రమే వినపడేలా చెప్పు. పని అవ్వగానే చెప్పు, సాయంత్రం దాకా ఆగకు.

ఇంకోటి. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లకి ఒడియాలో "భలొ" అంటే అర్థమవుతుంది గానీ, "భేషుగ్గా చేశావే తల్లీ" అంటే మొహం వెలిగిపోతుంది. మన ఊళ్లో గిడుగు రామమూర్తి పంతులుగారు సవర పిల్లలకి చదువు చెప్పాలని ముందు తాను సవర భాష నేర్చుకున్నారు. నువ్వూ అక్కడి పిల్లల దగ్గర వాళ్ల భాషలో నాలుగు మాటలు నేర్చుకో, వాళ్లే సరదాగా నేర్పుతారు.

రథయాత్రకి వచ్చేటప్పుడు ఆ చాక్లెట్ పిల్లాడి నోటుబుక్కు ఒకటి పట్టుకురా. చూడాలనుంది.

అమ్మ