గండికోటలో కారవాన్‌కు చోటేది?

సంపాదకులకు,

44వ నంబరు జాతీయ రహదారి మీద కశ్మీరు నుంచి కన్యాకుమారికి కారవాన్లలో, అంటే పడక, వంటగది, మరుగుదొడ్డి ఉన్న బండ్లలో, పోయేవాళ్లు కర్నూలు, అనంతపురం దాటాల్సిందే. పక్కకు తిరిగి గండికోటకు వస్తే, రాత్రి నిలపడానికి ఉత్త ఖాళీ స్థలం చాలదు.

ఒక్కో బండికి 16 ఆంపియర్ల సాకెట్, గట్టి ఎర్తింగ్, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల స్విచ్ (ఆర్‌సీసీబీ) కావాలి. టీకొట్టు నుంచి సన్న వైరు లాగి ఏసీ వేస్తే వోల్టేజీ పడిపోతుంది, ప్లగ్గు మాడుతుంది. దూరం 30 మీటర్లు దాటితే 4 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబులే వాడాలి. నేల మట్టంగా ఉండాలి. బండి వాలితే గ్యాసుతో నడిచే ఫ్రిజ్ సరిగా చల్లబడదు. నల్లరేగడైతే కంకర పరిచి రోలరు తిప్పాలి, లేకుంటే ఒక్క వానకే చక్రాలు దిగబడతాయి.

అసలు చిక్కు మురుగుది. గిన్నెలు కడిగిన నీళ్లకు ఇంకుడు గుంత చాలు. మరుగుదొడ్డి ట్యాంకును మాత్రం సెప్టిక్ ట్యాంకులోనే వంచాలి. ఆ ట్యాంకులో వాసన రాకుండా ఫార్మలిన్ కలిసిన మందు వాడినవాళ్లను గేటు దగ్గరే ఆపాలి. అది మురుగును కుళ్లబెట్టే సూక్ష్మజీవులను చంపేస్తుంది. తాగునీటి కుళాయి అక్కడికి దూరంగా పెట్టాలి. మరుగుదొడ్డి ట్యాంకు కడిగిన పైపుతోనే తాగునీళ్లూ పట్టే ఘనులుంటారు మరి!

పర్యాటక శాఖ ముందు ఐదారు బండ్లకైనా ఇలా కట్టి చూడాలి.

— ఒక పాఠకుడు, జమ్మలమడుగు, కడప జిల్లా