మెట్లెక్కితే ఆయాసమా?

అక్కలూ, ఒక్క మాట. రెండు నెలలుగా మేడ మెట్లెక్కితే ఆయాసం. ఆఫీసు, ఇల్లు, పిల్లలు... మామూలేలే అనుకున్నా. "ఈ వయసుకే ఇంత నీరసమా?" అన్నారు మా అత్తయ్య. పోయిన వారం పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.4! మనకి కనీసం 12 ఉండాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతానికి రక్తహీనతే.

ఐరన్ మాత్ర వేసుకుని వెంటనే టీ తాగకండి, ఒంటికి పట్టదు. పాప కడుపులో ఉన్నప్పుడు నేను చేసిందదే. నిమ్మరసంతో వేసుకోండి. నెలసరి మరీ ఎక్కువైతే డాక్టరుకి చెప్పండి, దాచుకోవద్దు.

అన్నట్టు, అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలిన కూరతో సరిపెట్టుకోవడం మానేశా. మొదటి రోజు మా ఆయన వింతగా చూశారు!

శనివారం పొద్దున పరీక్షకి నాతో ఎవరొస్తారు?