మేక గుండె కోసం కొట్టులో ముందు రోజే చెప్పిపెట్టు

అమ్మలూ,

సోమవారం నుంచి టెన్త్‌కి గుండె పాఠం చెప్పాలి, టెన్షన్‌గా ఉంది నాన్నా అన్నావు కదా నిన్న. ఫోన్‌లో చెబుదామంటే మీ అమ్మ మధ్యలో దూరుతుంది, అందుకే రాస్తున్నా.

మొదటి రోజు బోర్డు మీద బొమ్మ వెయ్యకు. నేను చాలా ఏళ్లు అదే చేశాను. ఒకవైపు ఎర్ర సుద్ద, ఒకవైపు నీలం సుద్ద, పిల్లలు ముచ్చటగా దించేసుకునేవాళ్లు, మార్కులూ వచ్చేవి, కానీ ఒక పిల్ల "సార్, నా చేతి మీద నరాలు నీలంగా ఉన్నాయి, లోపల నీలం రక్తమేనా" అని అడిగాక గానీ నా సుద్దముక్క చేసిన నిర్వాకం నాకు తెలియలేదు. ఆక్సిజన్ తగ్గిన రక్తం ముదురు ఎరుపే, అది ముందే చెప్పెయ్.

ఆ పీరియడ్ అంతా వాళ్ల గుండెలు వాళ్లనే విననివ్వు. 1816లో పారిస్‌లో లెన్నెక్ అనే డాక్టరు ఒక అమ్మాయి ఛాతీ మీద చెవి ఆనించడానికి మొహమాటపడి కాగితం గొట్టంలా చుట్టి విన్నాడు, స్టెతస్కోప్ అలాగే పుట్టింది. మీ వాళ్లు చార్టు ముక్క చుట్టుకున్నా చాలు. ఆడపిల్లలవి ఆడపిల్లలు, మగపిల్లలవి మగపిల్లలు వినేట్టు చూడు, లేకపోతే ఆ నవ్వులకి పాఠం సాగదు. లబ్, డబ్ అని వినపడేది కవాటాలు, అంటే రక్తం వెనక్కి రాకుండా ఆపే తలుపులు, మూసుకునే చప్పుడని విన్న తర్వాత చెప్పు. నాడి లెక్కపెట్టించి, గ్రౌండ్ ఒక రౌండ్ కొట్టించి, మళ్లీ లెక్కపెట్టించు (ఆయాసం వచ్చే పిల్లలుంటే ముందే అడిగి కూర్చోబెట్టు). నిమిషానికి 72 అనుకుంటే రోజుకి లక్ష దాటుతుంది, ఆ గుణకారం వాళ్లచేతే చేయించు. అప్పుడు ఎవడో ఒకడు "మరి అలసిపోదా టీచర్" అంటాడు. ఒక్కో స్పందన 0.8 సెకను, అందులో సగం సేపు గుండె మొత్తం సడలి విశ్రాంతి తీసుకుంటుందని చెబితే వాళ్ల మొహాలు చూడాలి.

రెండో రోజు మేక గుండె. కొట్టులో ముందు రోజే చెప్పు, కోయొద్దు, పైన గొట్టాలు తెగ్గొట్టొద్దు అని, లేకపోతే అలవాటుకొద్దీ నాలుగు ముక్కలు చేసి కవర్లో వేస్తారు, నాకు రెండుసార్లు అలాగే అయింది. మాంసం ముట్టని ఇళ్ల పిల్లలు ఉంటారు, వాళ్లని బలవంతపెట్టకు, దూరం నుంచి చూస్తారు. కోసే ముందు జఠరికలు, అంటే గుండె కింది గదులు, రెండూ నొక్కి చూడమను. ఎడమది గట్టిగా, కుడిది మెత్తగా తగులుతుంది. కుడిది రక్తాన్ని పక్కనే ఉన్న ఊపిరితిత్తులకి పంపితే చాలు, ఎడమది కాలి బొటనవేలి దాకా తొయ్యాలి, అందుకే ఆ కండ. తర్వాత మహాధమనిలో, అంటే ఎడమ జఠరిక నుంచి బయటికొచ్చే పెద్ద గొట్టంలో, మగ్గుతో నీళ్లు పొయ్యి, కవాటం మూసుకుని నీళ్లు కిందికి దిగవు, క్లాసంతా బల్ల మీద పడుతుంది. ఆ కవాటానికి కాస్త పైన రెండు చిన్న రంధ్రాలు కనిపిస్తాయి చూడు, పాఠం అసలు అక్కడుంది. గుండె కండరానికి రక్తం అందించే కరోనరీ ధమనులు అక్కడ మొదలవుతాయి. అందరికీ వడ్డించి చివర్లో తినే మీ అమ్మలా కాదు గుండె, మొదటి ముద్ద తనే తింటుంది.

ఆ గొట్టాలు పూడుకుపోతేనే గుండెపోటు. పదకొండేళ్లు ఈ వాక్యం పిల్లలకి చెప్పినవాణ్ణి, ఆ పెళ్లి భోజనం చేసి వచ్చిన రాత్రి మీ తాతయ్య "ఛాతీ మీద బరువు పెట్టినట్టుందిరా" అంటే గ్యాస్ అనుకుని సోడా తాగించాను. బనీను చెమటతో తడిసిపోయింది, దవడ లాగుతోందన్నారు, సోంపు నమలమన్నాను. తెల్లవారేదాకా ఆగుదాం అన్నదీ నేనే. నువ్వప్పుడు మూడో క్లాసు, నీకు ఇదంతా ఇలా చెప్పలేదు.

అప్పటినుంచి పుస్తకంలో లేకపోయినా ఒక పీరియడ్ దీనికి కేటాయిస్తున్నా. ఛాతీ బరువు, చేతికో దవడకో పాకే నొప్పి, చల్లటి చెమట, ఆయాసం, వీటిలో ఏది కనిపించినా సోడా వద్దు, 108కి ఫోన్ చెయ్యాలి, గ్యాసో కాదో ఆస్పత్రిలో ఈసీజీ చూసి డాక్టర్లే చెబుతారు. షుగర్ ఉన్నవాళ్లకి నొప్పి తెలియకుండానే రావచ్చు. మనిషి కుప్పకూలి ఊపిరి ఆడకపోతే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కాలి. మీ ఊరి పీహెచ్‌సీ నర్సుని పిలిచి చేసి చూపించమను.

ఆరోగ్య సూత్రాలు అంటూ లిస్టు రాయించకు, పదిహేనేళ్ల పిల్లలకి యాభైయ్యో ఏటి భయం ఎక్కదు. వాళ్లకి ఇప్పుడే తగిలేది ఒకటుంది, జ్వరంతో గొంతునొప్పి వస్తే డాక్టరుకి చూపించుకోకుండా వదిలేస్తే కొందరికి అది రుమాటిక్ జ్వరంగా మారి గుండె కవాటాలు పాడవుతాయి, అది చెప్పు. ఖైనీ సంగతి కూడా, పేరు పెట్టకుండా, వెనక బెంచీ వైపు చూడకుండా చెప్పు. ఇక టెన్త్ అనగానే ఆటల పీరియడ్ ఎత్తేసి స్పెషల్ క్లాసు పెడతారే, అక్కడ మాత్రం గట్టిగా అడ్డుపడు, కొత్త టీచరువని ఊరుకోకు.

మీ అమ్మ నీకు ఆవకాయ జాడీ కడుతోంది. మనిషికి రోజుకి ఉప్పు 5 గ్రాములు దాటొద్దని డబ్ల్యూహెచ్‌ఓ అంటోందని చెప్పాను. "వాళ్లకి ఆవకాయ పెట్టడం తెలుసా" అంది.

నాన్న