కంకషన్ దావాలకు జవాబు స్కాన్ రిపోర్టులో లేదు

సంపాదకుల వారికి నమస్కారం.

కారు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి కంకషన్ (కుదుపు వల్ల మెదడు పనితీరు కొంతకాలం దెబ్బతినడం) వచ్చిందంటూ వేసే నష్టపరిహారం దావాలు చాలావరకు కల్పితాలేనన్న ధోరణిలో మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. బీమా సంస్థల తరఫున వాదించే న్యాయవాదిగా నేను సంతోషించవలసిందే గానీ, అందులోని వాదనలనే నమ్ముకుని కోర్టుకు వెళితే ప్రతివాదికి మేలు కన్నా కీడే ఎక్కువ జరుగుతుంది.

స్కాన్‌లో ఏమీ లేదు, స్పృహ తప్పలేదు, బంపరుకు సొట్ట కూడా పడలేదు కాబట్టి గాయమే లేదన్నది ఆ వ్యాసం సారాంశం. సీటీ స్కాన్ తీసేది ముఖ్యంగా రక్తస్రావం, పుర్రె పగుళ్ల వంటివి ఉన్నాయేమో చూడటానికి. కంకషన్‌లో అవి సాధారణంగా ఉండవు. ఎక్కువమందికి స్పృహ తప్పనే తప్పదు. ఇక లోపల కూర్చున్న మనిషి తల ఎంత విసురుగా ఊగిందో బంపరు ఒక్కటే చెప్పలేదు. వాది తరఫు వైద్యుడు ఈ సంగతులు నాలుగు ముక్కల్లో చెప్పేస్తే, ఆ తర్వాత మేము చెప్పే సరైన మాటను కూడా కోర్టు అనుమానంగానే వింటుంది.

నిలబడే ప్రతివాదన మొదటి కొన్ని గంటల కాగితాల్లో దొరుకుతుంది. స్పృహ స్థాయిని కొలిచే గ్లాస్గో కోమా స్కేల్‌పై అంబులెన్స్ సిబ్బంది అత్యధిక అంకె అయిన 15 అని రాశారంటే మనిషి పూర్తి మెలకువతో ఉన్నట్టే. అయితే ఆ స్కేల్‌పై 13 నుంచి 15 వరకూ స్వల్ప మెదడు గాయం కిందికి రావచ్చు గనుక ఆ అంకె ఒక్కటే కేసు గెలిపించదు. దాని కింద నర్సు రాసిన వాక్యం చూడాలి. ప్రమాదం జరిగిన తీరును పూసగుచ్చినట్టు చెప్పారని, తలనొప్పి, తల తిరగడం లేవన్నారని ఉంటే మాకు బలం. “అడిగిందే మళ్లీ అడుగుతున్నారు” అని ఉంటే మాత్రం, రాజీ గురించి ఆలోచించమని నా కక్షిదారుకు ఆ రోజే చెబుతాను.

అసలు వివాదం గాయం తగిలిందా అన్నదానికన్నా, దాని ప్రభావం ఎంతకాలం ఉందన్నదానిపైనే నడవాలి. పెద్దవారిలో ఎక్కువమంది కొద్ది వారాల్లో కోలుకుంటారు, కొందరిని మాత్రం లక్షణాలు నెలల తరబడి వదలవు. రెండేళ్ల తర్వాత కూడా ఉద్యోగం చేయలేకపోతున్నానని వాది అంటే, దానికి కారణం ఆ దెబ్బేనా, లేక అంతకుముందు నుంచే ఉన్న మైగ్రేనా, కుంగుబాటా, నిద్రలేమా అని అడిగే హక్కు, పాత వైద్య రికార్డులు కోరే హక్కు ప్రతివాదికి ఉండాలి. జ్ఞాపకశక్తి పరీక్షలను మనసు పెట్టి రాశారో లేదో పట్టిచ్చే పరీక్షలు న్యూరోసైకాలజిస్టుల (మెదడు పనితీరును, ప్రవర్తనను పరీక్షించే నిపుణుల) దగ్గర ఉన్నాయి. అటు వాదులు ఈ మధ్య పట్టుకొస్తున్న మెదడులోని నరాల తంతువులను చూపే డీటీఐ అనే ప్రత్యేక ఎమ్మారై చిత్రాలనూ గట్టిగానే ప్రశ్నించాలి. దెబ్బ తగిలినవారి, తగలనివారి గుంపుల మధ్య తేడాలు చూపిన పద్ధతి ఒక్క మనిషి విషయంలో ఈ ప్రమాదమే కారణమని నిరూపించలేదు.

సోషల్ మీడియాలో నవ్వుతున్న ఫోటో దొరికిందని మా వాళ్లు సంబరపడుతుంటారు. ఆ క్షణాన ఆయన నవ్వాడన్నదానికి మించి అది రుజువు చేసేది చాలా తక్కువ. ఆ నిఘాకు పెట్టే ఖర్చును బీమా సంస్థలు నోటీసు అందిన వారాల్లోనే స్వతంత్ర వైద్య పరీక్ష కోరడానికి వెచ్చించాలి. ఏడాది గడిచాక చేయించే పరీక్షలో దెబ్బ ఫలితమేదో, దావా ఒత్తిడి ఫలితమేదో విడదీయడం ఎంతటి నిపుణుడికైనా కష్టం.

ఇట్లు,
ఒక న్యాయవాది